డైవింగ్ పడవ మీద ఆపదకు సిద్ధపడడం: లెక్క ఒడ్డు నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగినదాని సారాంశం ఇది: కాకినాడ రేవులో మీకొక మర పడవ ఉంది, వేట పలుచగా ఉండే రోజుల్లో విశాఖపట్నం నుంచి వచ్చే స్కూబా డైవర్లను (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగుకు దిగేవారిని) హోప్ ఐలాండ్ అవతలికి తీసుకువెళ్లి తీసుకురావడానికి మాట కుదిరింది, అనుకోని ఆపద ఎదురైతే ఉపయోగపడే సామాను ఏమేమి కొని పెట్టుకోవాలో జాబితా కావాలి. ఈ తీరంలో డైవర్లతోనూ వారిని మోసే పడవలతోనూ చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నా సమాధానం ఇస్తున్నాను. సామాను పేర్లు మధ్యమధ్యలో వస్తాయి. అయితే జాబితాతో మొదలుపెడితే ఏది ఎంత కొనాలో తేలదు. ముందుగా ఒక లెక్క వేయాలి: డైవర్ నీళ్ల మీదికి తేలి చేయి ఊపిన నిమిషం నుంచి అతడిని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టే నిమిషం దాకా ఎంత కాలం పడుతుంది? ఆక్సిజన్ ఎంత ఉండాలి, పడవ మీద ఎంతమంది మనుషులు ఉండాలి, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలి అన్నవన్నీ ఆ ఒక్క అంకె నుంచే పుడతాయి.

ఆ అంకెను చాలామంది దూరాన్ని బట్టి వేసి తప్పుతారు. ఆరు నాట్ల వేగంతో, అంటే గంటకు ఆరు నాటికల్ మైళ్లు, నడిచే మర పడవకు పదిహేను నాటికల్ మైళ్లు రావడానికి రెండున్నర గంటలు పడుతుంది. కాని అంతకుముందు నీళ్లలో ఉన్న మిగతా డైవర్లను పైకి పిలిచి ఎక్కించుకోవాలి, లంగరు లేపాలి. రేవు చేరాక అంబులెన్సు కోసం ఎదురుచూపు, అక్కడి నుంచి రోడ్డు ప్రయాణం ఉంటాయి. వీటన్నింటినీ కలిపితే మూడు గంటలు దాటడం మామూలే. పైగా మనది డెల్టా. ఇక్కడ ఒడ్డు కంటికి కనబడుతూ ఉన్నా కాలు మోపడానికి వీలుకాని గంటలు రోజుకు రెండుసార్లు వస్తాయి. ఆటు బాగా తీసిన వేళ ఏటి మొగల్లో ఇసుక మేటల మీద నీరు పలుచబడి మర పడవ అడుగు తగులుతుంది. సముద్రం మీద నుంచి గాలి కొడుతూ ఏటినీరు ఎదురుగా బయటికి పోతుంటే మొగలో కెరటాలు నిట్టనిలువుగా లేచి విరుగుతాయి. ఆ సమయంలో రోగిని పెట్టుకుని మొగ దాటడానికి పడవ నడిపే ఏ సరంగూ సాహసించకూడదు. పోటుకు పోటుకు మధ్య సుమారు పన్నెండున్నర గంటల ఎడం ఉంటుందని, ప్రతిరోజూ ఆ వేళ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని మీ కళాసీలకు నేను చెప్పనక్కరలేదు, తిథిని బట్టి వారే నోటితో చెప్పగలరు. ఆ జ్ఞానాన్ని డైవింగ్ సమయానికి ముడిపెట్టడమే కొత్తగా చేయవలసిన పని. చివరి డైవర్ పైకి వచ్చే వేళకూ ఆ తరువాత రెండు గంటలకూ నీరు ఎక్కుతూ ఉండేలా బయలుదేరే వేళను నిర్ణయించుకోండి. డైవర్లకు ఆ వేళ అనుకూలం కాదంటే ఆ రోజు డైవింగ్ మానుకోవాలే తప్ప వేళను మార్చకూడదు.

దిగే రేవు ఒక్కటే అనుకోవద్దు. ఆ రోజు గాలి, నీటి లోతు చూసుకుని రెండు చోట్లు రాసుకోండి. ఒకటి కాకినాడ రేవు. రెండవది, మీరు దక్షిణంగా వెళ్లిన రోజు భైరవపాలెం లేదా యానాం వైపు, 216వ నంబరు జాతీయ రహదారికి త్వరగా చేరగలిగిన చోటు. ఆ రెండు చోట్లకూ 108 వాహనం చివరిదాకా రాగలదా, లేక అరకిలోమీటరు దూరంలో ఆగిపోతుందా అన్నది ముందే నడిచి చూసుకోండి. స్ట్రెచర్ పట్టని ఇరుకు సందు ఉంటే ఆ రేవును పట్టిక నుంచి కొట్టివేయండి.

ఈ లెక్క వేసిన తరువాత మొట్టమొదట డబ్బు దేనికి పెట్టాలంటే నా ఉద్దేశంలో అది ఏ పరికరానికీ కాదు, తోడుగా వచ్చే ఒక ఫైబర్ తెప్పకు. మోటారు బిగించిన ఫైబర్ తెప్ప పెద్ద పడవ ఆగిపోయే లోతులో కూడా మొగ దాటగలదు, రెట్టింపు వేగంతో పోగలదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఒక డైవర్‌కు ప్రాణం మీదికి వచ్చిన నిమిషానికి మరో ఆరుగురు నీళ్ల అడుగున ఉండవచ్చు; వారిని వదిలి పడవ కదలకూడదు, రోగిని పెట్టుకుని కదలకుండానూ ఉండకూడదు. ఒకే పడవ ఉన్న సరంగును ఈ రెండింటి మధ్య నిలబెట్టడం అన్యాయం. రెండవది ఉంటే ఒకటి నీళ్లలో ఉన్నవారి కోసం నిలుస్తుంది, ఇంకొకటి ఒడ్డుకు వెళుతుంది. రోజు కిరాయి మిగలదని అనిపించవచ్చు. ఆ ఖర్చును డైవర్ల రుసుములో కలిపి చెప్పండి, కారణం వివరిస్తే అర్థం చేసుకునే బృందంతోనే పని పెట్టుకోండి.

ఇక ఆక్సిజన్ సంగతి. లోతులో ఉన్నప్పుడు ఒత్తిడి వల్ల డైవర్ రక్తంలోనూ కండరాల్లోనూ నైట్రోజన్ ఎక్కువగా కరిగి ఉంటుంది. త్వరగా పైకి వస్తే, కొన్నిసార్లు నియమాల ప్రకారం నెమ్మదిగా వచ్చినా, అది బుడగలుగా విడిపోయి కీళ్లను, నరాలను, వెన్నుపామును దెబ్బతీస్తుంది. డైవర్లు దీనిని బెండ్స్ అంటారు. మరొకటి ఇంతకంటే వేగంగా ముంచుకొస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు కాబట్టి అక్కడ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొచ్చిన డైవర్ ఊపిరితిత్తులు చిట్లి, గాలి రక్తంలో చేరి మెదడుకు పోతుంది. తేలిన కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పడం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం దీని గుర్తులు. ఈ రెండింటికీ పడవ మీద మనం చేయగల చికిత్స ఒక్కటే: వీలైనంత స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను, వీలైనంత త్వరగా, ఒడ్డు చేరేదాకా ఆపకుండా ఇవ్వడం.

ఎంత కావాలో చూద్దాం. గాలి సంచి ఉన్న నాన్ రీబ్రీదర్ మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు పోనివ్వాలి. మన ఆసుపత్రుల్లో బి టైపు అనే సిలిండర్‌లో నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు పడుతుంది, అంటే వంద నిమిషాలు. మీ లెక్కలో ఒడ్డు రెండున్నర గంటల దూరంలో ఉంటే ఒక్క రోగికే ఒక సిలిండర్ చాలదు. డైవర్లు జంటలుగా దిగుతారు, ఒకే లోతుకు ఒకే సమయం పాటు వెళతారు, కాబట్టి ఒకరికి వచ్చింది రెండవవారికీ రావచ్చు. పీల్చినప్పుడు మాత్రమే ఆక్సిజన్ వదిలే డిమాండ్ వాల్వు, ముఖానికి బిగుతుగా కూర్చునే మాస్కు కొంటే అదే సిలిండర్ చాలా ఎక్కువ సేపు వస్తుంది, పైగా గాలి కలవకుండా అందుతుంది. స్పృహ ఉండి సొంతంగా ఊపిరి తీసుకుంటున్నవారికి అది మేలు. స్పృహ సరిగా లేనివారికి పైన చెప్పిన సంచి మాస్కు ఉండాలి. ఈ రెండూ పెట్టుకోండి. కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలో కొన్న కాన్సన్‌ట్రేటర్ యంత్రం ఉందని దానితో సరిపెట్టుకోవద్దు. అది కరెంటు మీద ఆధారపడుతుంది, అది ఇచ్చే ప్రవాహమూ ఇక్కడ చాలదు. ముక్కులో పెట్టే సన్నని గొట్టం కూడా ఈ పనికి రాదు. సిలిండర్ కీలు దగ్గర గాని, రెగ్యులేటర్ మరలో గాని నూనె, గ్రీజు తగలనివ్వకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే నిప్పు లేకుండానే అంటుకుంటుంది. ఇంజను పనిచేసిన చేతులతో దానిని తెరవకూడదన్న నియమాన్ని మీ డ్రైవర్‌కు ప్రత్యేకంగా చెప్పండి. బయలుదేరే ప్రతి ఉదయమూ కీలు తిప్పి ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి పుస్తకంలో రాయండి.

బెండ్స్‌ను గుర్తుపట్టడం దగ్గర మన ప్రాంతంలో ఒక అలవాటు ప్రాణాంతకంగా మారుతున్నది. భుజం నొప్పి అంటే వాతం, తల తిరిగితే ఎండదెబ్బ, కాళ్లు తిమ్మిరెక్కితే ఎక్కువసేపు కూర్చున్నందువల్ల అని చెప్పుకుని, నిద్రపోతే పోతుందిలే అని పడుకోబెడతారు. డైవింగ్ చేసినవాడికి ఆ రోజు వచ్చిన ఏ కొత్త బాధనైనా, చర్మం మీద మచ్చలు, కీళ్ల నొప్పి, తిమ్మిరి, మూత్రం రాకపోవడం, అలవికాని నీరసం, వేరే కారణం రుజువయ్యేదాకా బెండ్స్‌గానే ఎంచాలి. లక్షణాలు చాలామందిలో గంటలోపే కనిపిస్తాయి, కొందరిలో సాయంత్రానికి. రోగిని వెల్లకిలా చదునుగా పడుకోబెట్టండి. కాళ్లు ఎత్తిపెట్టడం, తల కిందికి వంచడం పాతకాలపు సలహా, ఇప్పుడు దానిని పాటించరు. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి లేకుండా మెలకువగా ఉంటే మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. కల్లు, మద్యం, నిద్రమాత్ర అసలు ఇవ్వకూడదు. ఆక్సిజన్ పెట్టిన అరగంటకు నొప్పి తగ్గిపోయి, ఇక ఆసుపత్రి ఎందుకని రోగే అంటాడు. ఆ మాట వినవద్దు, తగ్గిన నొప్పి తిరగబెడుతుంది. మళ్లీ నీళ్లలోకి దించి లోతులో ఉంచితే నయమవుతుందనే మాట కూడా మీ చెవిన పడవచ్చు. తగిన పరికరాలు, శిక్షణ పొందిన మనుషులు లేని చోట అది మనిషిని ముంచి చంపడమే అవుతుంది.

బెండ్స్‌కు పూర్తి చికిత్స రీకంప్రెషన్ చాంబర్‌లో, అంటే లోపల గాలి ఒత్తిడిని పెంచే మూత గదిలో, జరుగుతుంది. దానికోసం మనం డెల్టా దాటి పెద్ద నగరాల వైపు చూడవలసిందే. అన్ని చాంబర్లూ డైవర్లను చేర్చుకోవు, కొన్ని మధుమేహం పుండ్ల వంటి వాటికే నడుస్తాయి. కాబట్టి మొదటి ప్రయాణానికి ముందే ఫోన్ చేసి, డైవర్లను తీసుకుంటారా, రాత్రి వేళ తీసుకుంటారా అని అడిగి, జవాబు రాసి పెట్టుకోవాలి. రోగిని మొదట కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి చేర్చి అక్కడి వైద్యులను డైవింగ్ వైద్యం తెలిసినవారితో ఫోన్‌లో కలపాలి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాని అత్యవసర నంబరు +1-919-684-9111 పగలూ రాత్రీ పనిచేస్తుంది. విమానంలో తరలించాలంటే క్యాబిన్ ఒత్తిడి నేల మట్టానికి సమానంగా ఉంచాలని, హెలికాప్టర్ అయితే సురక్షితమైనంత తక్కువ ఎత్తులో ఎగరాలని చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న డైవర్లకు కూడా ఒక మాట: ఒక్క డైవ్ చేసినవారు పన్నెండు గంటలు, పలుమార్లు దిగినవారు పద్దెనిమిది గంటలు గడిచేదాకా రాజమహేంద్రవరంలో విమానం ఎక్కకూడదు.

తరువాతి విషయం మనుషుల లెక్క. ఇది పైసా ఖర్చు లేనిది, అన్నిటికంటే ఎక్కువగా తప్పేది. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవింగ్ పడవ అమెరికన్ భార్యాభర్తలిద్దరిని నీళ్లలోనే వదిలి రేవుకు తిరిగి వచ్చింది. వారి సంచి పడవలోనే ఉండిపోయిందని గమనించేసరికి రెండు రోజులైంది, వారు ఇక దొరకలేదు. తలలు లెక్కపెట్టడం వల్ల ఇలాంటి తప్పు జరుగుతుంది: ఒకరు చోటు మారి రెండుసార్లు లెక్కకు వస్తారు, ఒకరు మళ్లీ నీళ్లలోకి దూకుతారు. అందువల్ల కాగితం మీద పేర్లు రాసి, దిగేటప్పుడు సమయం, ఎక్కిన తరువాత సమయం రాసి, ఎక్కిన ప్రతి ఒక్కరూ తమ చేత్తో తామే సంతకం పెట్టాలి. ఒకరి బదులు ఇంకొకరు పలకకూడదు, స్నేహితుడు వచ్చేశాడని చెప్పకూడదు. ఆ కాగితం పూర్తయ్యేదాకా ఇంజను గేరు వేయకూడదు. దాని నకలు ఒడ్డున నమ్మకమైన మనిషి దగ్గర ఉంచి, ఫలానా వేళకు మా నుంచి కబురు రాకపోతే కోస్ట్‌గార్డుకు చెప్పు అని అప్పగించండి.

ఒక డైవర్ చెప్పిన వేళకు తేలలేదనుకోండి. మన నీళ్లు ఒండ్రుతో కలిసి ఎర్రగా, మసకగా ఉంటాయి. అడుగున జతగాడు కనబడకపోవడం ఇక్కడ సాధారణం. కాబట్టి జత తప్పితే ఒక నిమిషం వెతికి ఇద్దరూ పైకి రావాలన్న నియమాన్ని దిగకముందే చెప్పించండి. పైన ఉన్నవారు వెంటనే చేయవలసింది ఆఖరిసారి బుడగలు కనిపించిన చోట బరువు కట్టిన బోయను దించడం, దానితో పాటు బరువు లేని మరో తేలికైన బెండును వదలడం. మొదటిది ఆ చోటును పట్టి ఉంచుతుంది, రెండవది ప్రవాహం మనిషిని ఏ దిక్కుకు, ఎంత వేగంగా మోసుకుపోతున్నదో కళ్లకు కట్టి చూపిస్తుంది. వలలకు కట్టే బెండ్లు, జెండా కర్రలు మీ దగ్గర ఉండనే ఉన్నాయి, కొత్తగా కొనే పని లేదు. ఒక నాటు వేగంతో పోయే ప్రవాహం నిమిషానికి ముప్పై మీటర్లు లాక్కుపోతుంది, పది నిమిషాల్లో మూడు వందల మీటర్లు. చిన్న కెరటాల మధ్య ఒక తల అంత దూరాన కనబడదు. అందుకే ప్రతి డైవర్ దగ్గరా గాలి నింపి నిలబెట్టే నారింజ రంగు గొట్టపు బోయ, ఈల, చిన్న అద్దం, టార్చి ఉంటే తప్ప దిగనివ్వకండి. ఒకరు పడవలో ఎత్తైన చోట నిలబడి నీళ్లనే చూస్తూ ఉండాలి, మనిషి కనబడితే చేయి చాపి చూపిస్తూనే ఉండాలి, చూపు మరల్చకూడదు. కోస్ట్‌గార్డుకు ఎప్పుడు చెప్పాలని సరంగులు తటపటాయిస్తారు. అనుకున్న వేళ దాటి, మొదటి వెతుకులాట పది నిమిషాల్లో ఫలించకపోతే చెప్పేయండి. మనిషి దొరికితే దొరికాడని మళ్లీ చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

స్పృహ తప్పిన డైవర్‌ను పడవలోకి ఎక్కించడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుసు. ముందుగా నడుముకు ఉన్న సీసం బరువులు, వీపున ఉన్న సిలిండర్ నీళ్లలోనే విప్పి వదిలేయాలి. తడిసిన బట్టలతో మనిషిని చేతులు పట్టి అంచు మీదుగా లాగితే భుజాలు తొలగుతాయి, నిటారుగా వేలాడిన మనిషికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఇక్కడ మన వల పనికొస్తుంది. ఆరడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న గట్టి వల ముక్కను ఒక పక్క పడవ అంచుకు బిగించి, రెండవ పక్కను నీళ్లలోకి జారవిడిచి, మనిషిని అందులోకి అడ్డంగా చేర్చి, ఆ రెండవ పక్కను ఇద్దరు పైకి లాగితే మనిషి దొర్లుకుంటూ అడ్డంగానే పైకి వస్తాడు. వల లాగడం మీ కళాసీలకు పుట్టుకతో వచ్చిన విద్య, ఒక పూట సాధన చేస్తే ఈ పనిలో వారిని మించినవారు ఉండరు.

ఎక్కించిన తరువాతి మూడు నిమిషాల గురించి నేను కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే కాలువల్లో, చెరువుల్లో మునిగినవారి విషయంలో మన కోనసీమ పల్లెల్లో తరతరాలుగా చేస్తున్న పని తప్పు. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం, ఇవన్నీ మంచి మనసుతోనే చేస్తారు. కాని పొట్ట నొక్కితే పొట్టలోని నీళ్లు, అన్నం గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, ఈలోగా మెదడుకు ప్రాణవాయువు అందని నిమిషాలు గడిచిపోతాయి. మునిగిన మనిషి గుండె ఆగేది ఊపిరి అందకపోవడం వల్లనే కాబట్టి ముందు ఊపిరి ఇవ్వాలి. మనిషిని గట్టి చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ఊపిరి తీస్తున్నాడా అని పది సెకన్లకు మించకుండా చూసి, లేకపోతే ముక్కు మూసి నోటిలో నోరు పెట్టి ఛాతీ లేచేలా ఐదుసార్లు గాలి ఊదాలి. తరువాత ఛాతీ నడుమ రెండు చేతులు ఆనించి ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో ముప్పైసార్లు నొక్కి, రెండుసార్లు ఊది, మళ్లీ ముప్పైసార్లు నొక్కాలి. నురుగు వస్తూ ఉంటే తుడుస్తూ కూర్చోకండి, ఊదుతూనే ఉండండి. వాంతి అయితే పక్కకు తిప్పి శుభ్రం చేసి కొనసాగించండి. నొక్కేవారు రెండు నిమిషాలకొకసారి మారాలి, లేకపోతే అలసిపోయి లోతు తగ్గుతుంది. చేత్తో నొక్కి ఊపిరి పంపే సంచి, మాస్కు ఉండి ఆక్సిజన్ కలపగలిగితే మరీ మంచిది. మనిషి తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి దిగిన నీళ్లు కొన్ని గంటల తరువాత ఇబ్బంది పెట్టవచ్చు. మీ పడవలో ఉన్న ప్రతి మనిషీ, వంట చేసేవాడితో సహా, ఇది బొమ్మ మీద నేర్చుకోవాలి.

కబురు అందించడం. సముద్రంలో ఆపదలకు కోస్ట్‌గార్డు నంబరు 1554, ఒడ్డున అంబులెన్సుకు 108. సెల్‌ఫోన్ సిగ్నల్ తీరం దాటిన కొద్దీ సన్నగిల్లుతుంది కాబట్టి పడవల్లో మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో తప్పనిసరి. 16వ చానల్‌లో ప్రాణాపాయంలో ఉన్నామని తెలిపే మేడే అన్న మాటను మూడుసార్లు చెప్పి, పడవ పేరు, ఉన్న చోటు, ఆపద స్వభావం, ఎంతమంది ఉన్నారు, ఏ సహాయం కావాలి అన్నవి వరుసగా చెప్పాలి. కంగారులో నోరు పెగలదు, అందువల్ల ఆ వాక్యాలను తెలుగులోనూ, తెలుగు లిపిలో రాసిన ఇంగ్లీషులోనూ అట్ట మీద రాయించి రేడియో పక్కన వేలాడదీయండి. ఉన్న చోటు చెప్పేటప్పుడు జరిగే ఒక పొరపాటును గమనించండి. జీపీఎస్ 16 డిగ్రీల 40.50 నిమిషాలు అని చూపిస్తే దాని అర్థం 40 నిమిషాల 30 సెకన్లు. దానిని 40 నిమిషాల 50 సెకన్లుగా చదివితే వెతికేవారు ఆరువందల మీటర్లకు పైగా అవతలికి వెళతారు. చుక్కను పాయింట్ అని పలకడం అలవాటు చేయించండి.

లైఫ్ జాకెట్ల గురించి గోదావరి జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదనుకుంటాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగినప్పుడు 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. కాకినాడ నుంచి వెళ్లిన ధర్మాడి సత్యం బృందం విశాఖ డైవర్ల సాయంతో ఆ పడవను అక్టోబరు 22న బయటికి లాగింది. జాకెట్ పడవలో ఉండడం వేరు, ఒంటి మీద ఉండడం వేరు అని ఆ రోజు చూశాం. డైవర్ల వెంట వచ్చే బంధువులు, ఫొటోలు తీసేవారు రేవు నుంచి రేవు దాకా జాకెట్ విప్పకూడదు. డైవర్ వేసుకునే గాలి జాకెట్‌ను దీనికి బదులుగా లెక్కించకండి, ఎందుకంటే అది స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని నీళ్లపైన నిలపదు. మీ సామర్థ్యానికి మించి ఒక్కరినీ ఎక్కించకండి. చేపల వేటకు ఇచ్చిన లైసెన్సును నమ్ముకుని ప్రయాణికులను ఎక్కించుకోవద్దు, సంబంధిత అధికారుల అనుమతి చేతికి వచ్చాకే బేరం ఖాయం చేసుకోండి.

నిప్పు గురించి క్లుప్తంగా. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తెల్లవారుజామున కాలిపోయి అడుగు అరలో నిద్రిస్తున్న 34 మంది చనిపోయారు. రాత్రి మేలుకుని తిరిగే కాపలా మనిషి లేడు. కిందినుంచి బయటపడే రెండు దారులూ మంటలున్న ఒకే గదిలోకి తెరుచుకున్నాయి. రాత్రి ఆగితే ఒకరు తప్పక మేలుకుని ఉండాలి. కెమెరా, టార్చి బ్యాటరీలను నిద్రించే చోట చార్జింగ్ పెట్టనివ్వకూడదు. వంట పొయ్యి, పెట్రోలు, ఆక్సిజన్ మూడూ పడవలో మూడు వేరు వేరు చోట్ల ఉండాలి. అక్కడికక్కడే సిలిండర్లు నింపే కంప్రెసర్ పెడితే దాని గాలి పీల్చే గొట్టం ఇంజను పొగకు ఎదురుగాలి వైపున ఉండేలా చూడండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోతులో ఉన్న డైవర్‌ను నిశ్శబ్దంగా చంపుతుంది.

వాతావరణం విషయంలో మీకు ఉన్న ఇబ్బంది ఏమిటంటే, వరద తగ్గి నీళ్లు కాస్త తేటపడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే తుపానులు వచ్చే కాలం కూడా. 1996 నవంబరు 6 రాత్రిని ఈ తీరం మరచిపోలేదు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం మాటను, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల అంచనాను బయలుదేరే ముందురోజు సాయంత్రమూ ఆ ఉదయమూ చూడండి. వరద కాలంలో ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నా సలహా ఆ హెచ్చరికకు చాలా ముందే మొగల దగ్గర డైవింగ్ ఆపేయమని, ఎందుకంటే కొట్టుకొచ్చే దుంగలకు హెచ్చరికతో పని లేదు.

చిన్న చిన్న సంగతులు కొన్ని. డైవర్ నిచ్చెన దగ్గరికి వస్తుంటే ఇంజను పూర్తిగా ఆపాలి, గేరు తీస్తే చాలదు. ప్రతి డైవర్ దగ్గరా వల కోసే కత్తి ఉండాలి, మన మొగల్లో కొయ్యలు పాతి కట్టిన వలలు, తెగి మునిగిన వలలు మసకనీటిలో కనబడవు. జెల్ల చేప ముల్లు, టేకు చేప ముల్లు గుచ్చుకుంటే చేయి భరించగలిగేంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, గంటసేపు ఉంచితే నొప్పి తగ్గుతుంది. కడలి పాము కరిస్తే కట్టు బిగించి రక్తం ఆపకుండా, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి, దారిలో ఊపిరి మందగిస్తుందేమో చూస్తూ ఉండండి.

ఇవన్నీ సమకూర్చుకున్నాక లంగరు దగ్గరే పడవ నిలిపి ఒక సాధన చేయించండి. ఒకరిని నీళ్లలో స్పృహ లేనట్లు తేలమని, ఎవరికీ ముందు చెప్పకుండా కేక వేయించండి. పడవను, రేడియోను సరంగు చూడాలి. రోగి దగ్గర ఇద్దరు ఉండాలి. ఒకరు నీళ్లనే చూడాలి. ఒకరు గడియారం చూసి జరిగినదంతా రాయాలి. కేక నుంచి ముఖం మీద ఆక్సిజన్ మాస్కు కూర్చునేదాకా పట్టిన నిమిషాలను మీరు మొదట వేసిన లెక్కలో కలపండి. నిజంగా ఆపద వచ్చినప్పుడు ఆ రాత కాగితమూ, లోతును, సమయాన్ని నమోదు చేసే, రోగి చేతికి ఉన్న డైవ్ కంప్యూటరూ, అతడు దిగిన లోతు, సమయం, ఆక్సిజన్ మొదలుపెట్టిన వేళ అన్నీ రోగితోపాటే అంబులెన్సులోకి వెళ్లాలి. అతడి సిలిండర్, రెగ్యులేటర్ చేతికి దక్కితే వాటిని కడగకుండా, కీలు మూసి ఎన్ని చుట్లు తిప్పారో రాసి, విడిగా ఉంచండి.

మీ పడవ నిండు బరువుతో ఎంత లోతు నీటిలో నడుస్తుంది, ఎన్ని నాట్లు పోగలదు, ఒక ప్రయాణంలో ఎందరు డైవర్లు వస్తారు, ఎంత దూరం వెళదామనుకుంటున్నారు అన్న నాలుగు వివరాలు రాయండి. అవి తెలిస్తే సిలిండర్లు ఎన్ని కావాలో, ఏ తిథుల్లో ఏ వేళకు బయలుదేరాలో మీకు విడిగా లెక్క వేసి ఇస్తాను.